నాగపూర్ నుండి నాష్‌విల్ వరకు: ప్రార్థనా మందిరమే పాఠశాల అయిన వైనం

చంద్రపూర్, సిరొంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు నాగపూర్ పరాయి నగరం కాదు. వైద్యానికో, చదువుకో, వ్యాపారానికో అక్కడికి వెళ్ళివచ్చినవారు చాలా ఇళ్ళలో ఉంటారు. ఆ నగరంలోని హిస్లాప్ కళాశాలలో 1953 నుండి 1956 వరకు ఒక అమెరికన్ నల్లజాతి యువకుడు పనిచేశారు. విద్యార్థులకు ఆటలు నేర్పడం, వారి ఆధ్యాత్మిక విషయాలు చూసుకోవడం ఆయన ఉద్యోగం. పేరు జేమ్స్ లాసన్. ఆయన ఇక్కడి నుండి తీసుకువెళ్ళిన విద్య నాలుగేళ్ళు తిరగకముందే అమెరికాలోని ఒక నగరపు ఆచారాన్ని మార్చివేసింది. ఆ విద్య నేర్పిన చోటు విశ్వవిద్యాలయం కాదు, ఒక చర్చి నేలమాళిగ.

అన్యాయాన్ని ఎదిరించాలని అనుకునేవారు అన్ని మతాలలోనూ ఉంటారు. కాని ఒక మత సంఘం, అనగా ఆదివారం చర్చికి వచ్చేవారో, శనివారం భజనకు కూడేవారో, శుక్రవారం నమాజుకు వచ్చేవారో, అందరూ కలిసి చేయి ఎత్తకుండా అన్యాయాన్ని ఎదిరించడం ఎట్లా? దానికి ఏ ఏర్పాట్లు అవసరం? ఏ చిక్కులు ఎదురవుతాయి? ఈ ప్రశ్నలకు నాష్‌విల్ నగరపు అనుభవం చాలావరకు సమాధానం చెబుతుంది.

తల్లి అడిగిన ప్రశ్న

లాసన్ 1928 సెప్టెంబరు 22న జన్మించారు. తండ్రి మెథడిస్టు కాపరి. ఒహాయో రాష్ట్రంలోని మసిలన్ పట్టణంలో ఆయన బాల్యం గడిచింది. పదేళ్ళ లోపు వయసులో ఒకనాడు వీధిలో ఒక తెల్ల పిల్లవాడు కారులో నుండి ఆయనను జాతిపేరుతో దూషించాడు. లాసన్ వెళ్ళి ఆ పిల్లవాని చెంప మీద కొట్టి ఇంటికి వచ్చి తల్లికి చెప్పారు. తల్లి కోపగించలేదు, మెచ్చుకోనూ లేదు. కొట్టినందువల్ల ఒరిగినదేమిటని మాత్రం అడిగింది. ఇంతకంటె మంచి మార్గం ఉండితీరాలని చెప్పింది. ఆ మాట తన జీవితాన్ని మలుపు తిప్పినదని లాసన్ వృద్ధాప్యంలో కూడా చెప్పుకునేవారు.

కొరియా యుద్ధ కాలంలో సైన్యంలో చేరడానికి ఆయన నిరాకరించారు. విద్యార్థిగానో, కాపరిగానో మినహాయింపు కోరే అవకాశం ఉన్నా కోరలేదు. ఫలితంగా పదమూడు నెలలు కారాగారంలో గడిపారు. విడుదలైన తరువాత మెథడిస్టు సంఘం తరఫున నాగపూర్ చేరుకున్నారు.

నాగపూర్‌లో మూడేళ్ళు

గాంధీజీ మరణించి అప్పటికి ఐదేళ్ళే అయినది. నాగపూర్‌కు సమీపంలోనే వార్ధా, దాని పక్కనే సేవాగ్రామ ఆశ్రమం ఉన్నాయి. గాంధీజీతో కలిసి పనిచేసినవారు దేశమంతటా సజీవులై ఉన్నారు. లాసన్ అట్టివారిని కలుసుకున్నారు, గాంధీజీ రచనలను శ్రద్ధగా చదివారు. ఆయన గ్రహించిన ముఖ్య విషయం ఒకటి ఉంది. సత్యాగ్రహమంటే మంచివాడుగా ఉండి దెబ్బలు తినడం కాదు. అది ఒక పద్ధతి. దానికి క్రమం ఉంది, శిక్షణ ఉంది, సైనికునికి కావలసినంత క్రమశిక్షణ ఉంది.

1955 డిసెంబరులో నాగపూర్‌లో దినపత్రిక తెరిచిన లాసన్‌కు స్వదేశపు వార్త కనిపించింది. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమెరీ నగరంలో నల్లజాతీయులు బస్సులు ఎక్కడం మానివేశారు. తెల్లవారికి సీటు ఇవ్వనందుకు రోజా పార్క్స్ అనే ఆమెను నిర్బంధించడం దానికి కారణం. చర్చిలే ఆ ఉద్యమానికి కేంద్రాలు. ఇరవయ్యారేళ్ళ కాపరి మార్టిన్ లూథర్ కింగ్ దానికి నాయకుడు. 381 రోజులు సాగిన ఆ ఉద్యమం చివరకు విజయం సాధించింది. తాను దేశాంతరం వచ్చి నేర్చుకుంటున్నది తన వారి మధ్యనే ఆరంభమైనదని లాసన్ సంతోషించారు.

1956లో ఆయన స్వదేశానికి మరలారు. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లోనే డాక్టర్ అంబేద్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధాన్ని స్వీకరించారు. న్యాయం కోరేవారు తమ మత సంఘాన్ని లోపలి నుండి మార్చుకోవాలా, దానిని విడిచి వెళ్ళాలా అనే ప్రశ్నకు ఆ నగరం రెండు వేర్వేరు సమాధానాలను చూసినది.

1957 ఫిబ్రవరిలో ఒహాయోలోని ఓబర్లిన్ కళాశాలలో లాసన్, కింగ్ కలుసుకున్నారు. ఇద్దరూ ఒకే ఈడువారు. చదువు పూర్తి అయ్యేవరకు ఆగవద్దని, దక్షిణాది రాష్ట్రాలకు వెంటనే రమ్మని కింగ్ కోరారు. 1958 ఆరంభంలో లాసన్ టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ చేరుకున్నారు.

మొదట వినడం

నాష్‌విల్‌లో నల్లజాతి కాపరులు కొందరు అప్పటికే ఒక క్రైస్తవ నాయకత్వ మండలిని ఏర్పరచుకొని ఉన్నారు. ఫస్ట్ బాప్టిస్టు చర్చి కాపరి కెల్లీ మిల్లర్ స్మిత్ దానికి అధ్యక్షుడు. లాసన్ వారితో కలిసి పని ఆరంభించారు. అయితే వెంటనే ఊరేగింపు తీయలేదు. మొదట సంఘస్థులను కూర్చోబెట్టి, నగరంలో మీకు అన్నిటికంటె బాధ కలిగించేది ఏమిటని అడిగారు.

సమాధానం స్త్రీల నుండి వచ్చింది. నగర మధ్యంలోని పెద్ద దుకాణాలలో తమ డబ్బు తీసుకుంటారు. బట్టలు, సామానులు అమ్ముతారు. కాని అదే దుకాణంలోని భోజనపు కౌంటరు వద్ద కూర్చొని బిడ్డకు ఒక గ్లాసు పాలు తాగించడానికి అనుమతించరు. అలసిన బిడ్డను ఎత్తుకొని నిలబడే ఉండాలి. ఈ అవమానం ప్రతి తల్లికీ తెలిసినది. కాపరులు తమలో తాము ఆలోచించుకొని ఉంటే ఈ విషయం తట్టి ఉండేది కాదేమో. ఉద్యమ లక్ష్యాన్ని వేదిక మీది పెద్దలు నిర్ణయించలేదు. బల్లల మీద కూర్చున్న తల్లులు నిర్ణయించారు.

రెండవ మెట్టు విచారణ. 1959 నవంబరు, డిసెంబరు మాసాలలో చిన్న చిన్న బృందాలు రెండు దుకాణాలకు వెళ్ళాయి. వస్తువులు కొని, కౌంటరు వద్ద కూర్చొని ఆహారం అడిగారు. నిరాకరించినప్పుడు యజమాని తరఫువారితో మర్యాదగా మాట్లాడి, కారణం తెలుసుకొని లేచి వచ్చారు. కాపరులు వ్యాపారులతో సంప్రదింపులు కూడా జరిపారు. ఎదుటివారికి తమంతట తాము మారే అవకాశం ఇవ్వడం ఈ పద్ధతిలో తప్పనిసరి. ఆ అవకాశాన్ని వారు వినియోగించుకోనప్పుడే ప్రత్యక్ష కార్యాచరణకు నైతిక బలం చేకూరుతుంది.

నేలమాళిగలో పాఠశాల

1959 శరదృతువు నుండి వారానికి ఒక సాయంత్రం క్లార్క్ మెమోరియల్ మెథడిస్టు చర్చిలో తరగతులు జరిగాయి. నగరంలోని నల్లజాతి కళాశాలల విద్యార్థులు వచ్చేవారు. ఫిస్క్ విశ్వవిద్యాలయం నుండి డయాన్ నాష్, బాప్టిస్టు దైవశాస్త్ర కళాశాల నుండి జాన్ లూయిస్, బెర్నార్డ్ లఫాయెట్, జేమ్స్ బెవెల్ వారిలో ఉన్నారు.

తరగతిలో సగం బోధన, సగం అభ్యాసం. బోధనలో క్రీస్తు కొండమీది ప్రసంగం, గాంధీజీ సత్యాగ్రహం, ఇతర మతాలలోని అహింసా చింతన ఉండేవి. అభ్యాసంలో కుర్చీలను వరుసగా వేసి దుకాణపు కౌంటరుగా భావించేవారు. కొందరు విద్యార్థులు కౌంటరు వద్ద కూర్చుంటారు. మరికొందరు దౌర్జన్యపరుల పాత్ర ధరించి వారిని తిడతారు, తోస్తారు, ముఖం మీద పొగ వదులుతారు, కుర్చీ లాగివేస్తారు. కూర్చున్నవాడు చేయి ఎత్తరాదు, నోరు జారరాదు, పారిపోరాదు. కింద పడితే తలను ఎట్లా కాపాడుకోవాలి, పక్కవానిని కొడుతుంటే తన శరీరాన్ని ఎట్లా అడ్డుపెట్టాలి, కొట్టేవాని కళ్ళలోకి ఎట్లా చూడాలి అన్నవన్నీ నేర్పేవారు. తరువాత అందరూ కూర్చొని, ఆ క్షణంలో మనసులో ఏమి కలిగినదో చెప్పుకునేవారు. కోపాన్ని ఆపుకోలేనని తెలుసుకున్నవారికి ఇతర పనులు అప్పగించేవారు. అందులో అవమానం లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన ఉద్యమాలలో తరచు జరుగుతుంది. దెబ్బ తగిలిన తరువాత శాంతంగా ఉండండని పెద్దలు మైకులో చెబుతారు. దెబ్బ తగలకముందే, నెలల తరబడి, ఆ శాంతాన్ని శరీరానికి అలవాటు చేయడం నాష్‌విల్ ప్రత్యేకత. పాటగాడు రాగం సాధన చేసినట్లే వారు అహింసను సాధన చేశారు.

పెద్దల సంకోచం, పిన్నల తొందర

1960 ఫిబ్రవరి 1న ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు విద్యార్థులు ఒక దుకాణపు కౌంటరు వద్ద కూర్చున్నారు. ఆ వార్తతో నాష్‌విల్ విద్యార్థులలో ఉత్సాహం పొంగింది. వందలాది మంది కొత్తవారు ముందుకు వచ్చారు. వారికి శిక్షణ లేదు. కార్యాచరణకు ముందు రాత్రి చర్చిలో జరిగిన సమావేశంలో కాపరి స్మిత్ కొద్ది రోజులు ఆగమని కోరారు. మండలి ఖజానాలో వంద డాలర్లు కూడా లేవు. పిల్లలను నిర్బంధిస్తే జామీను కట్టడానికి డబ్బు ఎక్కడిది? తల్లిదండ్రులకు ఏమని చెప్పాలి?

ఆ సంకోచం పిరికితనం కాదు. ఒక సంఘపు పెద్దగా అది ఆయన బాధ్యత. ఆగితే ఎప్పటికీ ఆగవలసి వస్తుందన్న యువకుల మాటలో కూడా సత్యం ఉంది. చర్చ సాగినది. చివరకు పిన్నల నిర్ణయానికి పెద్దలు సమ్మతించారు. విశేషమేమంటే, సమ్మతించిన తరువాత వారు పక్కకు తప్పుకోలేదు. చర్చిని కార్యాలయంగా ఇచ్చారు. జామీను కోసం కానుకలు సేకరించారు. భోజనాలు, కార్లు ఏర్పాటు చేశారు. ఇష్టం లేని నిర్ణయమైనా సంఘం చేసినదైతే దాని భారం అందరిదీ అన్న నియమం అక్కడ నిలబడింది.

కొత్తవారి కోసం జాన్ లూయిస్, లఫాయెట్ చిన్న నియమావళి రాసి పంచారు. తిట్టినా కొట్టినా ఎదురు తిరగరాదు. పగలబడి నవ్వరాదు. నిటారుగా కౌంటరు వైపు తిరిగి కూర్చోవాలి. దారికి అడ్డు నిలవరాదు. నాయకుని అనుమతి లేక స్థానం విడువరాదు. ఇట్లా ఒక కాగితం మీద పట్టే నియమాలు, జ్ఞాపకం ఉంచుకోగలిగినన్ని మాత్రమే.

పరీక్షా దినాలు

ఫిబ్రవరి 13న, మంచు పడిన రోజున, 124 మంది విద్యార్థులు మంచి దుస్తులు ధరించి, పుస్తకాలు చేతపట్టి, ఫస్ట్ బాప్టిస్టు చర్చి నుండి బయలుదేరి మూడు దుకాణాలలో కూర్చున్నారు. ఎవరూ ఆహారం పెట్టలేదు. ప్రశాంతంగా లేచి వచ్చారు. మరికొన్ని సార్లు అట్లే జరిగినది.

ఫిబ్రవరి 27న తెల్ల యువకుల మూక వారి మీద పడింది. బల్లల మీద నుండి లాగి కొట్టారు. వెలుగుతున్న సిగరెట్లతో కాల్చారు. విద్యార్థులు చేయి ఎత్తలేదు. పోలీసులు వచ్చి కొట్టినవారిని విడిచి, దెబ్బలు తిన్నవారిని నిర్బంధించారు. ఒక వరుసను తీసుకువెళ్ళగానే మరొక వరుస వచ్చి ఖాళీ స్థానాలలో కూర్చుంది. ఆనాడు 81 మంది నిర్బంధితులైనారు. న్యాయస్థానం జరిమానా విధించింది. అన్యాయానికి రుసుము చెల్లించలేమని వారు జైలుకే వెళ్ళారు.

మార్చి ఆరంభంలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం లాసన్‌ను బహిష్కరించింది. ఆయన అక్కడ దైవశాస్త్ర విద్యార్థి. అదే సమయంలో సంఘాలలోని సాధారణ కుటుంబాలు తమ ఆయుధాన్ని బయటికి తీశాయి. ఈస్టరు పండుగకు కొత్త బట్టలు కొనడం అక్కడి ఆచారం. ఆ ఏడాది నల్లజాతి కుటుంబాలు నగర మధ్యంలోని దుకాణాలలో అడుగు పెట్టలేదు. ప్రతి చర్చిలో కాపరి ఆ మాట చెప్పాడు, ప్రతి ఇంట్లో తల్లి దానిని అమలు జరిపింది. కౌంటరు వద్ద కూర్చునే ధైర్యం అందరికీ ఉండదు. పాత బట్టలతో పండుగ చేసుకునే ధైర్యం అందరికీ ఉంటుంది. దుకాణాలు బోసిపోయాయి.

రాజీగా కౌంటర్లను రెండు భాగాలు చేసి ఒక భాగంలో కలిసి కూర్చోనిద్దామని నగర సంఘం సూచించింది. విద్యార్థులు నిరాకరించారు. సగం అంటరానితనం కూడా అంటరానితనమే కదా.

మెట్ల మీద ఒక ప్రశ్న

ఏప్రిల్ 19 తెల్లవారుజామున విద్యార్థుల తరఫున వాదించిన న్యాయవాది అలెగ్జాండర్ లూబీ ఇంటిపై డైనమైటు పేల్చారు. ఇల్లు దెబ్బతిన్నది. ఎదుటి వైద్య కళాశాల కిటికీలు వందకు పైగా పగిలిపోయాయి. దైవవశాన లూబీ దంపతులు ప్రాణాలతో బయటపడ్డారు. ఇక్కడే ఉద్యమం తప్పిపోవచ్చు. ప్రతీకారానికి జనం సిద్ధంగా ఉన్నప్పుడు సంఘం ఏమి చేస్తుంది?

ఆ రోజే వేలాది మంది నగర కార్యాలయానికి నడిచారు. నినాదాలు లేవు, పాటలు లేవు. అడుగుల చప్పుడు మాత్రమే. మేయర్ బెన్ వెస్ట్ మెట్ల మీదికి వచ్చారు. డయాన్ నాష్ ఆయనను పదవి గురించి అడగలేదు, చట్టం గురించీ అడగలేదు. కేవలం జాతిని బట్టి మనిషిని వేరుగా చూడడం తప్పని మీరు భావిస్తున్నారా అని అడిగారు. తప్పేనని మేయర్ ఒప్పుకున్నారు. కౌంటర్ల మాటలో కూడా అంతేనా అంటే, అవునన్నారు. ఎదుటివాడు శత్రువు కాదు, మనస్సాక్షి ఉన్న మనిషి అనే నమ్మకం నుండి పుట్టిన ప్రశ్న అది.

మే 10న ఆరు దుకాణాల కౌంటర్లు అందరికీ తెరుచుకున్నాయి. వ్యాపారులతో ముందే మాట్లాడుకొని, చిన్న బృందాలుగా, ఆర్భాటం లేకుండా వెళ్ళారు. గెలిచామన్న విజయోత్సవం జరపలేదు. ఓడినవాడు కూడా రేపటి పొరుగువాడేనన్నది అందులోని ఎరుక. నగరంలోని ఇతర చోట్ల వివక్ష తొలగడానికి మరికొన్ని ఏళ్ళ పోరాటం, 1964 నాటి పౌరహక్కుల చట్టం అవసరమైనాయి.

వైకం వీధులలో

ఇదంతా పరాయి కథ అని తోచవచ్చు. కాని దీని మూలాలు మన వైపున ఉన్నాయి. తిరువాన్కూరు సంస్థానంలోని వైకం శివాలయం చుట్టూ ఉన్న వీధులలో వెనుకబడిన కులాలవారు, దళితులు నడవరాదన్న నిషేధం ఉండేది. 1924 మార్చి 30న సత్యాగ్రహం ఆరంభమైనది. మూడు వేర్వేరు కులాల స్వచ్ఛంద సేవకులు ముగ్గురు చేతులు కలిపి నడిచి నిర్బంధానికి లోనైనారు. వర్షాకాలపు వరదలో కూడా సేవకులు మెడలోతు నీటిలో నిలిచారు. ఈరోడ్ నుండి ఇ. వి. రామస్వామి, ఆయన భార్య నాగమ్మ వచ్చి పాల్గొన్నారు.

అందులో గమనించవలసిన ఘట్టం మరొకటి. 1924 నవంబరులో మన్నత్తు పద్మనాభన్ నాయకత్వంలో అగ్రవర్ణ హిందువులు వైకం నుండి తిరువనంతపురానికి కాలినడకన వెళ్ళి, వీధులు అందరికీ తెరవాలని మహారాణికి విజ్ఞాపన అందజేశారు. నిషేధం వల్ల నష్టపోనివారే నిషేధానికి వ్యతిరేకంగా నడిచారు. ఆలయం తమదని చెప్పుకునేవారే, ఆలయం పేరుతో జరిగే అన్యాయం మాకు వద్దని చెప్పినప్పుడు ఆ మాటకు వచ్చే బరువు వేరు. 1925 నవంబరులో సత్యాగ్రహం ముగిసేనాటికి మూడు వైపుల వీధులు తెరుచుకున్నాయి, తూర్పు వీధి తెరుచుకోలేదు. 1936 నవంబరు 12 నాటి ఆలయ ప్రవేశ ప్రకటనతోనే సంస్థానపు ఆలయాలు అందరివీ అయినాయి. ఓర్పు అంటే ఎంత కాలమో ఈ లెక్క చెబుతుంది.

శిక్షణ లోపించిన చోట

లాసన్ జీవితంలో ఓటమి కూడా ఉంది. 1968లో ఆయన మెంఫిస్ నగరంలో సెంటినరీ మెథడిస్టు చర్చి కాపరి. ఫిబ్రవరి 1న చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు మరణించారు. ఆ నెల 12 నుండి సుమారు 1,300 మంది కార్మికులు సమ్మె చేశారు. లాసన్ చర్చిలను వారి వెనుక నిలబెట్టి, కింగ్‌ను ఆహ్వానించారు. మార్చి 28 ఊరేగింపులో శిక్షణ లేని జనం పెద్ద సంఖ్యలో చేరారు. కొందరు దుకాణాల అద్దాలు పగులగొట్టారు. పోలీసులు విరుచుకుపడ్డారు. పోలీసు కాల్పులలో పదహారేళ్ళ బాలుడు మరణించాడు. శాంతియుతంగా మరల నడిచి చూపాలని తిరిగివచ్చిన కింగ్‌ను ఏప్రిల్ 4న హత్య చేశారు.

నాలుగు రోజుల తరువాత, ఏప్రిల్ 8న, కట్టుదిట్టమైన ఏర్పాట్ల మధ్య వేలాది మంది అదే నగరంలో మౌనంగా నడిచారు. చిన్న అపశ్రుతి కూడా లేదు. ఏప్రిల్ 16న సమ్మె కార్మికుల విజయంతో ముగిసింది. మొదటి ఊరేగింపుకూ రెండవదానికీ మధ్య తేడా మనుషుల మంచితనంలో లేదు, ఏర్పాటులో ఉంది.

సంఘం ఇవ్వగలిగినది

ఈ అనుభవాలను బట్టి చూస్తే, మత సంఘానికి ఇతర సంస్థలకు లేని సౌకర్యాలు కొన్ని ఉన్నాయి. కూడుకోవడానికి స్వంత స్థలం ఉంది. వారం వారం కలిసే అలవాటు ఉంది. ఒకరి కష్టసుఖాలు ఒకరికి తెలుసు. కానుకల లెక్క నలుగురి ఎదుట చెప్పే పద్ధతి ఉంది. అన్నిటికంటె మించి, దెబ్బ తిన్నవానిని ఒంటరిగా విడువరాదన్న ధర్మం ఉంది.

చిక్కులు కూడా ఉన్నాయి. పెద్దలు యజమానులకో, అధికారులకో భయపడవచ్చు. సంఘంలోనే కులం కుర్చీలు వేసుకొని కూర్చొని ఉండవచ్చు. ఊరి శ్మశానానికి దారి కోసం అర్జీ పెట్టే సంఘం, తన సొంత శ్మశానంలో రెండు భాగాలు ఉంచుకుంటే ఆ అర్జీకి బలం ఉండదు. సరిహద్దు గ్రామాలలో మరొక మాట కూడా ఉంది. భాష వేరైన పొరుగువారిని కలుపుకోకుండా అడిగిన న్యాయం, భాషల తగాదాగా మారడానికి ఎంతో సమయం పట్టదు. అందుచేత వినడం ముందు, విచారణ తరువాత, సంభాషణ ఆ తరువాత, చివరనే కార్యాచరణ.

లాసన్‌ను 1960లో బహిష్కరించిన విశ్వవిద్యాలయమే 2006లో ఆయనను ఆచార్యునిగా ఆహ్వానించింది. ఆయన వెళ్ళారు, అక్కడ పాఠాలు చెప్పారు. 2024 జూన్ 9న, 95 ఏళ్ళ వయసులో లాస్ ఏంజిలెస్‌లో కన్నుమూశారు. కొట్టినందువల్ల ఒరిగినదేమిటని ఒక తల్లి వంటింటిలో అడిగిన ప్రశ్నకు ఆయన జీవితమంతా సమాధానం వెతికారు. ఆ సమాధానంలో కొంత భాగం నాగపూర్‌లో దొరికింది.